చిట్టాలో రిబ్బను

పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కనపర్తి దగ్గర పల్లె. మా తాతయ్య పోయిన మాఘంలో కాలం చేశారు. 94 ఏళ్లని నాన్న, 97 అని పెద్దత్త అంటున్నారు. కుర్రతనంలో ఉప్పు పడవల మీద మొదలుపెట్టి, తర్వాత పొగాకు వ్యాపారం, లారీలు, చివర్లో రొయ్యల చెరువులు... ఆయన చేయని పని లేదు. రెండుసార్లు బాగా గడించారు, రెండుసార్లు అంతా పోగొట్టుకున్నారు. అయినా ఆరుగురు పిల్లల్నీ చదివించి పెళ్లిళ్లు చేశారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి బంధువులకి ఇద్దామని నా ఆలోచన. అందర్నీ తలా ఒక పేజీ రాసివ్వమన్నాను. "శ్రమజీవి, దానశీలి, ఆదర్శమూర్తి, ఆయన లేని లోటు తీరనిది" అని రాసిచ్చారు. పద్నాలుగు పేజీలు చదివాను, మా తాతయ్య ఎక్కడా కనపడలేదు. ఏం రాయాలి? ఎలా మొదలుపెట్టాలి? నాయనమ్మ నగలు తాకట్టు పెట్టిన సంగతులు, నష్టపోయిన సంగతులు రాయొచ్చా? నాన్న వద్దంటున్నారు.
– ఒక మనవరాలు, ఒంగోలు

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "మా తాతయ్య ఎక్కడా కనపడలేదు" అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. 2016లో మా నాయన పోయినప్పుడు నా పరిస్థితి కూడా ఇదే. పెద్దకర్మ కార్డు మీద ఏం వేయించాలని అన్నదమ్ములందరూ కూర్చుని నాలుగు వాక్యాలు రాశారు. నేను తప్పులు దిద్ది ప్రెస్సుకి పంపించాను. కార్డులు ఇంటికి వచ్చాక చూస్తే ఫోటో ఒక్కటే మా నాయనది. కిందున్న మాటలు ఏ ఊళ్లో ఏ పెద్దాయన పోయినా వేసుకోవచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత రెండేళ్లు కూర్చుని ఆయన గురించి నేనే రాసుకున్నాను. ఎనభై పేజీలు వచ్చింది. ఆ పని చేస్తూ తెలుసుకున్న సంగతులే నీకు చెబుతాను.

ఎలా మొదలుపెట్టాలని అడిగావు. పుట్టిన తేదీ పక్కన పెట్టు. ఆయన ఒంటితో మొదలుపెట్టు.

మా నాయన కుడి భుజం మీద, మెడకి బెత్తెడు దూరంలో ఒక కాయ ఉండేది. నా అరచేతిలో సగం ఉంటుంది. చివరి రెండేళ్లు ఒంటికి నూనె రాసి స్నానం చేయించేటప్పుడు అక్కడ చెయ్యి పడితే కొబ్బరిచిప్ప తగిలినట్టుండేది. చిన్నప్పుడు అది ఆయనకి పుట్టుకతోనే ఉందనుకున్నాను. అది పడవ తాడు ఒరిసిన కాయ. మా ఊరు ముత్తుకూరు వైపు, బకింగ్‌హామ్ కాలవ గట్టు మీద. గాలి ఉంటే పడవకి తెరచాప కట్టేవాళ్లు. గాలి పడిపోతే గెడలు వేసేవాళ్లు. అదీ సాగకపోతే ఇద్దరు ముగ్గురు గట్టు మీదికి దిగి, తాడు భుజానికి వేసుకుని, ముందుకు వంగి, నిండు పడవని లాక్కుంటూ నడవాలి. పద్నాలుగేళ్ల వయసులో ఆయన కూలి పని అది. ఆ పనితో మొదలైన మనిషి తర్వాత మూడు పడవలకి యజమాని అయ్యాడు. పుస్తకంలో నా మొదటి పేజీ ఆ కాయ గురించే.

మీ తాతయ్యవి ఉప్పు, పొగాకు. కాళ్లు ఎలా ఉండేవో మీ నాయనమ్మని అడుగు. ఉప్పు మళ్లలో తిరిగిన పాదాలు మామూలు పాదాల్లా ఉండవు. పచ్చాకు ముట్టుకున్న చేతులకి జిగురు నల్లగా పడుతుంది, సబ్బుకి పోదు, అన్నం ముద్ద చేదెక్కుతుంది. ఆ చేతులతో ఆయన ఎలా తినేవారు? చింతపండు పెట్టి తోముకునేవారా? ఎవరు నీళ్లు పోసేవారు? "శ్రమజీవి" అని రాసిన బాబాయికి ఇవన్నీ తెలుసు. నువ్వు అడగలేదు కాబట్టి రాయలేదు.

ఇంకో మాట. మీ తాతయ్య పడవలూ మా నాయన పడవలూ ఒకే కాలవ మీద తిరిగాయి. మీ వైపు పెదగంజాం దగ్గర మొదలై, మా నెల్లూరు తీరం మొత్తం దాటి, పులికాట్ సరస్సు మీదుగా మద్రాసు చేరి, ఇంకా దక్షిణాన మరక్కాణం దాకా పోయే కాలవ అది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలవ కలుస్తుంది కాబట్టి అటు కృష్ణా, గోదావరి కాలవల మీదుగా కాకినాడ దాకా దారి ఉండేది. 1876–78 కరువులో కూలి పని కల్పించడానికి అందులో కొంత భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే కాలవకి పెట్టారు. మన వైపు ఆ కాలవలో నీళ్లు సముద్రపు పోటుపాట్ల మీద నడుస్తాయి. పోటు మీద బయల్దేరాలి, పాటుకి నేల తగలకుండా చూసుకోవాలి. ఇవన్నీ పుస్తకంలో ఒక పేజీ రాయి. మీ పిల్లలకి ఆ కాలవ ఇప్పుడు తుంగ మొలిచిన మురుగు గుంటలా కనపడుతుంది. తాతయ్య ఏ నీళ్ల మీద బతికారో వాళ్లకి తెలియాలి.

మా నాయన ఎక్కువగా మోసింది కట్టెలు. ఈ మాట చెబితే నా మనవడు నమ్మలేదు. శ్రీహరికోట అంటే వాడికి రాకెట్లు. రాకెట్లు రాకముందు ఆ దీవి నుంచి మద్రాసు పొయ్యిలకి కట్టెలు పోయేవి. పడవ నిండా పేర్చుకుని, పులికాట్ దాటి, మద్రాసు బేసిన్ బ్రిడ్జి దగ్గర దించేవాళ్లు. తిరుగు పడవలో బెల్లం, గుడ్డలు, కిరసనాయిలు, ఏది దొరికితే అది. మూర్ మార్కెట్టుకి వెళ్లి పాత తెలుగు పుస్తకాలు తూకానికి కొనుక్కొచ్చేవాడు. ఆయన మూడో తరగతి దాటలేదు. ఏ పుస్తకం ఏమిటో తెలియదు కాబట్టి లావుగా ఉన్నవి ఏరుకునేవాడు. నేను తెలుగు టీచర్ని అయింది ఆ లావు పుస్తకాల వల్లే.

ఇప్పుడు సాహసాల సంగతి. ఇలాంటి మనుషుల గురించి ఇంట్లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది, చెప్పినప్పుడల్లా పెరుగుతూ ఉంటుంది. మా ఇంట్లో అది 1942 కథ. ఆ ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. తర్వాత మద్రాసేనని పుకారు పుట్టి జనం వేలకి వేలు ఊరు వదిలి పారిపోయారు. రైళ్లలో నిలబడే చోటు లేదు. ఆ సమయానికి నాయన బేసిన్ బ్రిడ్జి దగ్గర కట్టెలు దించుకుని ఉన్నాడు. వయసు 21. గట్టు మీద నిలబడ్డ జనం పడవ ఎక్కించుకోమని బతిమాలారు. మనిషికి ఎంత అడగాలో ఆయనకి తెలియదు. కట్టెలకి తీసుకునే కూలి ఎంతో అంతే చెప్పాడు. ఒకావిడ కుట్టుమిషను ఒళ్లో పెట్టుకుని ముందు భాగంలో కూర్చుంది. ఆ బరువుకి పడవ ముక్కు దిగుతోందని వెనక్కి జరగమంటే మిషను వదిలి జరగనంది. రాత్రి దీపం వెలిగించకుండా పులికాట్ దాటారు. కృష్ణపట్నంలో అందర్నీ దింపి, మా నాయనమ్మ చేత రాగి సంకటి వండించి పెట్టాడు.

ఈ కథలో జనం ఒకసారి పదకొండు మంది, ఇంకోసారి ఇరవై. మా పెద్ద తమ్ముడు చెబితే ముప్పై. ఏది రాయాలో తెలియక టెన్షన్ పడ్డాను. అప్పుడు ట్రంకుపెట్టెలో ఆయన చిట్టాలు, అంటే రోజువారీ లెక్క పుస్తకాలు, దొరికాయి. ఎర్ర గుడ్డ అట్ట, పైన "శ్రీరామ", ఆరు పుస్తకాలు. చిత్రభాను నామ సంవత్సరం, అంటే 1942, చైత్రం. ఉప్పు, కట్టెలు, తాడు అన్న వరసలోనే "మనుషులు 13" అని ఉంది. కూలి వసూలైంది తొమ్మిది మంది దగ్గరే. మిగిలిన నలుగురి పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది. ఆ సున్నాల గురించి ఆయన డెబ్బై ఏళ్లలో ఒక్కసారి కూడా మా ఎవరితోనూ చెప్పలేదు. "దానశీలి" అని రాసేవాళ్లకి ఆ పేజీ చూపిస్తాను.

అందుకని, అమ్మాయీ, ముందు మీ ఇంట్లో చిట్టా, ఆవర్జా పుస్తకాలు వెతుకు. అటకల మీద, పాత బీరువా అడుగున, దేవుడి గదిలో చూడు. వ్యాపారం చేసిన మనిషి డైరీ రాయడు, లెక్క రాస్తాడు. లెక్కలోనే అన్నీ ఉంటాయి. నాకు దొరికిన అన్నిటికంటే విలువైన ముక్క ఒకటి చెబుతాను. 1956 లెక్క. ఒకే పేజీలో పై నుంచి కిందికి: కొబ్బరి తాడు కొన్నది, లాకు (కాలవ గేటు) దగ్గర కట్టిన డబ్బు, సరంగుకి (పడవ నడిపేవాడికి) అడ్వాన్సు, తెరచాపకి మాసిక వేయించింది. తర్వాత, "అమ్మికి రిబ్బను 0–2–0". రూపాయలు లేవు, రెండణాలు, పైసలు లేవు. కింద మళ్లీ ఎండుచేపలు, పొగాకు. నాకు అయిదేళ్లు. ఆ రిబ్బను ఏ రంగో గుర్తు లేదు, ఎంత గింజుకున్నా రావడం లేదు. మనిషి నెలకి ఇరవై రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. మా నాయన మమ్మల్ని పట్టించుకోలేదని పెళ్లయిన కొత్తలో నేను కూడా అనుకునేదాన్ని. ఆ వరస చదివాక మళ్లీ అనుకోలేదు. రెండణాలు కూడా పడవ ఖర్చుతో సమానంగా రాసిపెట్టాడు.

ఇక నగల సంగతి. రాయొచ్చా అన్నావు. నగల సంగతి లేకుండా ఆ పుస్తకం పూర్తి కాదు. మన జిల్లాల్లో ఏ వ్యాపారి సాహసం చూసినా కింద పెట్టుబడిగా ఇంటావిడ మెళ్లో బంగారం ఉంటుంది.

మా అమ్మ బంగారం మూడుసార్లు తాకట్టుకి వెళ్లింది. మొదటిది సొంత పడవ కొన్నప్పుడు, నానుతాడు. రెండేళ్లలో విడిపించాడు. రెండోది 1966లో. 1965, 66 తుఫాన్లకి కాలవ గట్లు తెగి, ఇసుక మేట వేసి పడవలు నడవని పరిస్థితి వచ్చింది. మూడింట్లో రెండు పడవలు అమ్ముకున్నాడు, ఒకటి గట్టు మీదే పుచ్చిపోయింది. నలభై అయిదేళ్ల వయసులో, స్టీరింగ్ పట్టుకోవడం రాని మనిషి, సెకండ్ హ్యాండ్ టాటా బెంజ్ లారీ కొన్నాడు. మళ్లీ నానుతాడే. అదీ విడిపించాడు.

లారీ బతుకులో కథలు చాలా ఉన్నాయి, ఒక్కటి చెబుతాను. 1971 డిసెంబరులో గూడూరు నిమ్మకాయలు వేసుకుని కలకత్తా బయల్దేరారు. మా దగ్గర నిమ్మకాయల బస్తాని లూజు అంటారు. లారీ నిండా లూజులు, డ్రైవరు, క్లీనరు, పక్కన నాయన. దారిలో ఉండగా యుద్ధం మొదలైంది. రోడ్డంతా మిలిటరీ బళ్లు. ఒక్కోచోట పూట పూటంతా పక్కన నిలబెట్టేశారు. చేరేసరికి సగం కాయ మెత్తబడింది. ఊళ్లో రాత్రిళ్లు దీపాలు లేవు, ఎక్కడ చూసినా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు. కాయ కొన్న ఏజెంటు, అంతకుముందు ఒప్పుకున్న ధరలో మూడో వంతు కూడా ఇవ్వలేదు. నాయనకి హిందీ రాదు, బెంగాలీ రాదు. వేళ్లతో లెక్క చెప్పి, వచ్చిన డబ్బంతా పెట్టి గోనె సంచులు కొన్నాడు. కలకత్తా జనపనార సంచి, నెల్లూరు బియ్యం మిల్లులకి ఎప్పుడూ కావాలి. కోతలు రాబోతున్నాయి. తిరుగు లారీ సంచులతో నిండింది. నిమ్మకాయల్లో పోయింది సంచుల్లో వచ్చింది, పైన కొంచెం మిగిలింది కూడా. ఇరవై రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్న మొదటి మాట, "అమ్మికి పరీక్షలు ఎట్టా అయినాయి?" అని.

ఆ ఇరవై రెండు రోజులూ మా అమ్మ ఏం చేసింది? ఈ ప్రశ్న నేను చాలా ఆలస్యంగా అడిగాను. పడవల కాలం నుంచీ వంటింటి గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. పడవల మీద ఉన్నప్పుడు పది గీతలు దాటితే మా మేనమామని లాకు దగ్గరికి పంపేది. ఏ పడవ ఏ లాకు ఎప్పుడు దాటిందో లాకు వాళ్లకి తెలిసేది. ఒక లాకు వాళ్లు ఎదురొచ్చే పడవల వాళ్లని అడిగి పై లాకు కబురు చెప్పేవాళ్లు. ఆ కబురు వస్తే ఆ పూట అన్నం తినేది. లారీ వచ్చాక లాకులు లేవు, కబురు లేదు. గీతలు మాత్రం గీసింది. ఇల్లు సున్నం కొట్టించినప్పుడల్లా అవి పోయేవి. ఒక్క ఫోటో కూడా లేదు. మీ నాయనమ్మ ఉన్నారు కదా, ఆవిడ దగ్గర ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. తాతయ్య గురించి చెప్పమంటే "దేవుడు" అని ఊరుకుంటారు. "ఆయన లేనప్పుడు నువ్వేం చేసేదానివి నాయనమ్మా?" అని అడుగు. పుస్తకంలో సగం ఆవిడదే కావాలి.

మూడో తాకట్టు రొయ్యలకి. 1992లో, డెబ్బై దాటిన మనిషి, మేమందరం వద్దంటే వినకుండా టైగర్ రొయ్య వేశాడు. అప్పుడు నెల్లూరు జిల్లా తీరమంతా అదే పిచ్చి. మొదటి రెండు పంటలూ బంగారం పండింది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. తెల్లారేసరికి చెరువు గట్ల వెంట రొయ్య తేలిపోయింది. ఈసారి తాకట్టులో ఉన్నవి అమ్మ గాజులు, నాలుగు. రెండెకరాలు అమ్మి మేత బాకీలు కట్టాడు. గాజులు విడిపించడానికి అయిదేళ్లు పట్టింది. తెచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. న్యూస్ పేపర్లో పొట్లం కట్టించుకొచ్చి అమ్మ ఒళ్లో పెట్టాడు. అమ్మ వేసుకోబోయింది. వేళ్ల కణుపులు కీళ్లవాతంతో వాచిపోయి ఉన్నాయి, గాజు మధ్యలో ఆగింది. సబ్బు రాసింది, కొబ్బరినూనె రాసింది. ఎక్కలేదు. నాయన అమ్మ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు కణుపుల మీద నిమురుతూ కూర్చున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆ గాజులు ఇప్పుడు నా కోడలి చేతికి ఉన్నాయి.

మా అన్నయ్య కూడా మీ నాన్నలాగే తాకట్ల సంగతి వద్దన్నాడు. రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. 1966లో నానుతాడు జేబులో పెట్టుకుని తాకట్టు కొట్టుకి వెళ్లింది పదిహేడేళ్ల మా అన్నయ్యే. దారిలో స్నేహితుడు ఎదురైతే సిగ్గుతో సందులోకి తప్పుకున్నాడట. యాభై ఏళ్లు ఆ సంగతి కడుపులో దాచుకున్నాడు. నాతో చెప్పి ఏడ్చాడు. తర్వాత ఆ పేజీ ఆయనే రాసిచ్చాడు, పుస్తకంలో అన్నిటికంటే మంచి పేజీ అదే. మీ నాన్నతో వాదన పెట్టుకోకు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆ నగలు ఎవరు పట్టుకెళ్లారని అడుగు. చెప్పకపోతే వదిలేయ్, మరో నెల తర్వాత అడుగు.

ప్రశ్న: మా నాన్నగారికి 90 దాటాయి, దేవుడి దయ వల్ల బాగానే ఉన్నారు. మార్కాపురం పలకల వ్యాపారంలో ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషి. ఫోన్లో రికార్డు చేద్దామని కూర్చోబెడితే "ఏముందిరా చెప్పడానికి" అంటారు. చెప్పిన కొన్నిట్లో కూడా సంవత్సరాలు కలవడం లేదు. ఎలా తేల్చుకోవాలి?
– రిటైర్డ్ ఉద్యోగి, కావలి

జవాబు: ఆయన ఉన్నారు, అదే మీ అదృష్టం. ఈ వారమే మొదలుపెట్టండి.

కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పెడితే ఎవరికీ మాట రాదు. ఆయన చేతికి వస్తువు ఇవ్వండి. చెక్క చట్రం కట్టిన పాత రాతి పలక ఒకటి సంపాదించి ఒళ్లో పెట్టండి. వేలితో కొట్టి చప్పుడు వింటారు, అంచు తడుముతారు, ఇది ఎక్కడి రాయో చెబుతారు. అక్కణ్ణుంచి ఆయనే వెళ్తారు, మీరు వెనకాల వెళ్లడమే. మా నాయన్ని 2008లో కృష్ణపట్నం పోర్టు చూపించడానికి తీసుకెళ్లాను. 87 ఏళ్లు. క్రేన్లు, ఓడలు ఏవీ చూడలేదు. కర్ర పొడుచుకుంటూ కాలవ వైపు నడిచి, ఇక్కడ పడవ తిప్పేవాళ్లం, ఇక్కడ మీ తాతకి పాము కరిచింది, ఇక్కడ ఇసక మేట కనపడక రాత్రంతా ఇరుక్కున్నాం అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఇంట్లో ముప్పై ఏళ్లలో చెప్పనివి ఆ గంటలో చెప్పాడు. అప్పటికి నా దగ్గర రికార్డు చేసే ఫోన్ లేదు. మీ దగ్గర ఉంది.

సంవత్సరాల సంగతి. ఒంగోలు మనవరాలికి కూడా ఇది పనికొస్తుంది. ఆధార్ కార్డులో తేదీని నమ్మకండి. మా నాయన కార్డులో జనవరి 1 అని ఉంది, ఆయన వయసు వాళ్లలో చాలామందికి అదే తేదీ. ముందు తెలుగు సంవత్సరం అడగండి. మా నాయన దుర్మతిలో పుట్టాడని నాయనమ్మ చెప్పేది, అంటే 1921–22. మనవరాలి తాతయ్య 94 అయితే ప్రజోత్పత్తి ప్రాంతం, 97 అయితే విభవ ప్రాంతం అవుతుంది. పెద్దత్తకి ఆ పేరు గుర్తుందేమో అడగాలి. అరవై ఏళ్లకి గానీ అవే పేర్లు మళ్లీ రావు కాబట్టి మనిషి విషయంలో పొరపాటు పడే భయం లేదు.

తర్వాత గాలివానలు. మన తీరం వాళ్లకి అవే క్యాలెండరు. కానీ "పెద్ద గాలివాన" అంటే ఏదో తేల్చుకోవాలి. అప్పుడు ఏ కాలం అని అడగండి. కార్తీక మాసం, వరి కోతకి రాబోతోంది అంటే 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కావచ్చు. వేసవి, మామిడికాయలు రాలిపోయాయి అంటే 1979 మే లేదా 1990 మే. నెల్లూరు వైపు బాగా ముసలివాళ్లు, తమ పెద్దలు చెప్పగా విన్నామంటే 1927 నవంబరుది. దక్షిణాన శ్రీహరికోట, సూళ్లూరుపేట వైపు వాళ్లయితే 1984 నవంబరుది కూడా ఉంది.

డబ్బు ఇంకో గుర్తు. కథలో అణాలు, బేడలు, కానీలు ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందు. "నయాపైసలు" అని నొక్కి పలికితే దాని తర్వాత కొద్దికాలం. మణుగులు, వీశెలు చెబితే పాతది. కిలోలు 1958 తర్వాత మెల్లమెల్లగా వచ్చాయి. "అప్పటికి మనం నెల్లూరు, కర్నూలు, గుంటూరు జిల్లాల్లోనే ఉన్నాం" అంటే 1970 ఫిబ్రవరికి ముందు. ఒంగోలు జిల్లా పుట్టింది అప్పుడే, ప్రకాశం పేరు 1972లో పెట్టారు. మార్కాపురం ఆ ముందు కర్నూలు జిల్లా. మీ నాన్నగారు కోర్టు పనికి కర్నూలు వెళ్లిన కథ చెబితే దానికి సంవత్సరం ఇలా పెట్టుకోవచ్చు.

ఇంత చేసినా కలవనివి మిగులుతాయి. మిగలనివ్వండి. నాన్నగారు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

ప్రశ్న: మా మామగారిని వ్యాపారంలో ఒక భాగస్తుడు నిలువునా ముంచాడు. మామగారు పోయారు, ఆ భాగస్తుడి పిల్లలు మా ఊళ్లోనే ఉన్నారు. మామగారి గురించి రాసే వ్యాసంలో ఆయన పేరు రాయాలా, వద్దా?
– గృహిణి, గూడూరు

జవాబు: వద్దు తల్లీ. ఆయన పిల్లలకి అందులో పాపం లేదు. ఎంత పోయిందో రాయండి, మామగారు ఆ మర్నాడు ఏం చేశారో రాయండి. పాఠకులకి కావలసింది అదే.

నిమ్మకాయల వ్యాపారంలో మా నాయనకి కూడా ఒకాయన పెద్ద మొత్తమే ఎగ్గొట్టాడు. ఆ ఏడాది మా చెల్లెలి పెళ్లి వాయిదా పడింది, అమ్మ ఆయన పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేది. పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఆయన బంతిలో నాయనకి ఎదురుగా కూర్చున్నాడు. నాయన్ని చూసి విస్తరి ముందు నుంచి లేవబోయాడు. మేమందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నాయన చెయ్యి చూపించి "కూర్చోవయ్యా, అన్నం మధ్యలో లేస్తారా" అన్నాడు. పప్పు వడ్డించే అబ్బాయిని ముందు అటు పొమ్మన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాయనే, అన్నం కలుపుకుంటూ, "ఇప్పుడు లూజు ఎంత పలుకుతుండాది?" అని అడిగాడు. ఆయన తల వంచుకుని ధర చెప్పాడు. కాయ సైజు ఎట్టుంది, ఢిల్లీకి పోతోందా, లారీ కిరాయి ఎంత అని నాయన అడుగుతూనే ఉన్నాడు. పెరుగన్నం అయ్యేదాకా ఇద్దరూ నిమ్మకాయల గురించే మాట్లాడుకున్నారు.